పొద్దుటిది నాది, రాత్రిది దానిది

నా చెల్లి నా భుజం మీద తల వాల్చి గురక పెడుతోంది. పెట్టనీ. ఇప్పుడు దానికి పగలే నిద్ర, అదీ ఇలా కూర్చుంటేనే. రాత్రి పడుకుంటే ఆయాసం, లేచి కూర్చుంటే కునుకు, కునుకు పట్టింది కదా అని నడుం వాలిస్తే మళ్ళీ ఆయాసం. దిండ్లన్నీ వీపు వెనక పేర్చుకుని కిటికీకేసి చూస్తూ ఉంటుంది, నేను లేచిన చప్పుడైతే చాలు కళ్ళు మూసుకుని నిద్ర నటిస్తుంది, ఆ నటనైనా సరిగ్గా ఏడ్చిందా, నిద్రపోయే మనిషి ఎక్కడైనా అంత బిగించి కళ్ళు మూసుకుంటుందా. ఎదురుగా గోధుమరంగు తలుపు. తలుపు వెనక ముగ్గురు అధికారులు. ఈ పూట వాళ్ళు తేల్చాల్సింది ఒకటే, నా మందుల కార్డు ఉంచాలా పీకెయ్యాలా అని. పీకడం ఎందుకంటే, ప్రభుత్వం నాకని ఇచ్చిన గుండె మాత్రల్లో సగం నా చెల్లికి పెట్టాను కాబట్టి. పెట్టాను. అది పనిచేసే ఇస్త్రీ కార్ఖానా మూతపడ్డాక పెట్టాను. భుజం తిమ్మిరెక్కుతోంది, అయినా కదలను, కదిలితే ఇది లేస్తుంది, లేస్తే మళ్ళీ మొదలుపెడుతుంది, అక్కా మర్చిపోయానని చెప్పవే, నీకు దణ్ణం పెడతాను మర్చిపోయానని చెప్పవే అని.

మర్చిపోయానని చెప్పాలట. పొద్దున్న కిటికీ దగ్గర కళ్ళజోడు గుమాస్తాదీ అదే పాట. మంచివాడే పాపం, నాకొచ్చిన పిలుపు కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, గాజుకున్న చిన్న కంత దగ్గరికి మూతి తెచ్చి, "అమ్మా, ఆస్పత్రి వాళ్ళు రాసింది మీ చెల్లెలు అన్న మాటే, మీరు ఒప్పుకున్నట్టు ఎక్కడా లేదు. మాత్ర వేసుకోవడం మర్చిపోతుంటానని చెప్పండి. వయసు కదా, అందరూ అదే చెప్తారు, వాళ్ళూ అదే రాసుకుంటారు, అరనిమిషం పని" అన్నాడు. అరనిమిషం పనే. మర్చిపోతే తప్పు కాదు, పంచిపెడితే తప్పు. ఎవరి పేరున ఇచ్చిన మందు వాళ్ళే మింగాలి, ఇంకొకరి చేతికిస్తే కార్డు రద్దు, అదీ నియమం. నియమంలో అన్యాయం ఏమీ లేదు, అది లేకపోతే ఆ మాత్రల్ని సంతలో పెట్టి అమ్ముకునే ఘనులు ఉంటారు, జీవితమంతా బస్సులో టిక్కెట్లు కొట్టినదాన్ని, మనుషుల సంగతి నాకొకళ్ళు చెప్పక్కర్లేదు. కానీ నన్ను పట్టుకుని మతిమరుపు మనిషినని చెప్పుకోమంటాడే! నిలబడ్డానికి చోటు లేని బస్సులో ఎవరు ఎక్కడెక్కారో, ఎవరు ఎక్కడ దిగాల్సి ఉండి దిగకుండా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారో, వెనక సీటు కింద ఎవరి గొడుగు ఉండిపోయిందో, అన్నీ ఈ బుర్రలోనే ఉండేవి. డ్రైవర్లు నాకు హోల్డాన్ అని పేరు పెట్టారు, నేను ఒక్క కేక వేస్తే బస్సు సంగతి అటుంచి రోడ్డు మీద పోయేవాళ్ళు కూడా ఆగేవాళ్ళని. అలాంటిదాన్ని నేను ఇప్పుడు ఆ గదిలోకి వెళ్ళి, అయ్యా నాకు గుర్తుండదండీ, అని చేతులు నలుపుకోవాలి.

గోడ మీద ఆ బొమ్మొకటి. నవ్వుతున్న ముసలాయన, పక్కన నవ్వుతున్న ముసలావిడ, ఇద్దరికీ పళ్ళన్నీ ఉన్నాయి, చేతిలో మాత్రల డబ్బా, పైన పెద్ద అక్షరాలతో మరిచిపోకండి, వేళకు మందు వేసుకోండి అని. ఈ నడవాలోనే నాలుగు చోట్ల అంటించారు. పోయినేడాది కార్డున్న ప్రతి మనిషికీ గంట కొట్టే డబ్బా కూడా ఒకటి ఉచితంగా ఇచ్చారు, పొద్దున్నొకసారి రాత్రొకసారి కీచుమని మోగుతుంది, మూత తీస్తేగానీ నోరు ముయ్యదు. దాన్ని ఇంటికి తెచ్చిన రోజు నేనూ చెల్లీ ఎంత నవ్వామో. పొద్దున్న మోగితే నేను మూత తీసేదాన్ని, రాత్రి మోగితే అది తీసేది. ఎవరికి పుట్టిందో ఆ ఆలోచన అని అప్పుడు అనుకున్నాను, ఇప్పుడు ఇక్కడ కూర్చుంటే అర్థమవుతోంది. అందరూ వచ్చి మర్చిపోయాం మర్చిపోయాం అని చెప్తారు, వీళ్ళు రాసుకుంటారు, రాసుకున్నదంతా పైకి వెళ్తుంది, పైన కూర్చున్నవాళ్ళు అయ్యో పాపం ముసలాళ్ళకి మతిమరుపు అనుకుని డబ్బాలు చేయించి పంపుతారు. వాళ్ళ తప్పేముంది. మనం చెప్పిన జబ్బుకే కదా వాళ్ళు మందిచ్చింది. ఇంట్లో ఇంకొక మనిషికి మందు లేదు, అందుకే నా డబ్బా త్వరగా ఖాళీ అవుతోంది అని ఈ తలుపు లోపల ఎంతమంది చెప్పి ఉంటారు? ఒక్కరు కూడా చెప్పి ఉండరు. నాకు ఒళ్ళు మండేది అధికారుల మీద కాదు, ఈ అరనిమిషం పని మీద.

అమ్మకి ఏ డబ్బా లేదు. అప్పట్లో పథకం అన్న మాటే లేదు. మా ఇద్దరి గుండెలూ అమ్మ ఇచ్చినవే, వదులు గుండెలు అని డాక్టరు అంటే నాకు నచ్చి అదే మాట అందరికీ చెప్తుంటాను, లోపలి కండరం సాగిపోయి పంపు సరిగ్గా కొట్టదు, నీరు కాళ్ళలోకి దిగుతుంది, ఊపిరితిత్తుల్లోకి ఎక్కుతుంది. అమ్మ ఒంట్లో బాగున్న రోజు మాత్ర వేసుకునేది కాదు. బాగానే ఉందిగా, ఇవాళ దండగెందుకు అని కాగితంలో చుట్టి దాచేది, ఛాతీ బరువెక్కిన రోజుకి అని. ఆ దాచడమే ఆవిణ్ణి తీసుకుపోయింది. పోయాక దిండు గలీబులో దొరికాయి మాత్రలు, కాగితం ఉండల్లో, ఒక్కొక్కటీ ఒక్కో మంచి రోజు. వాటిని చెల్లి ఎంతకాలమో పారెయ్యలేదు, దాని స్వభావమే అంత, దేన్నీ పారెయ్యదు, నా చిరిగిన యూనిఫారం చేతిని కూడా కత్తిరించి ఇస్త్రీపెట్టె పట్టుకునే గుడ్డ చేసుకుంది. ఇప్పుడు దాని పాదాల వైపు చూస్తున్నాను. చెప్పుల పట్టీ వదులు చేసుకుని కూర్చుంది, అయినా పట్టీ లోపలికి దిగిపోయింది, కాలు రెండువైపులా పొంగి వచ్చింది. ఆర్నెల్ల కింద ఈ చెప్పులే దానికి లొడలొడలాడేవి. నాకు భయంగా ఉంది. ఎవరితోనూ అనలేదు గానీ చాలా భయంగా ఉంది, అమ్మ పాదాలు కూడా చివర్లో ఇలాగే ఉండేవి.

కార్డు సంగతి చెప్పాలంటే, నేను దాన్ని ఏనాడూ తిట్టలేదు, తిట్టను. వయసు గీత దాటిన రోజున వెళ్ళి తెచ్చుకున్నాను. అంతకుముందు ఈ మందు ఒక డబ్బా కొనాలంటే మా ఇంటద్దె కంటే ఎక్కువయ్యేది, కార్డు వచ్చాక మందుల దుకాణంలో నేనిచ్చేది టీ నీళ్ళ ఖర్చు, మిగతాది పథకం ఇచ్చుకుంటుంది. మొదటిసారి డబ్బా చేతిలో పెట్టినప్పుడు నేను కాసేపు అక్కడే నిలబడిపోయాను, ఇంకేమైనా కావాలా అమ్మా అని దుకాణం పిల్ల అడిగింది, ఏమీ వద్దమ్మా అన్నాను. ఎవరో తెలియని లక్షలమంది తలా కాస్త వేసి నా గుండె కొట్టుకునేలా చూస్తున్నారంటే చిన్న మాటా. చెల్లికి అప్పట్లో కార్ఖానా వాళ్ళ బీమా ఉండేది, దానిదీ ఇదే మందు, పరవాలేదు. హోటళ్ళ దుప్పట్లు, ఆస్పత్రుల దుప్పట్లు, అన్నీ ఆవిరి మీద చదును చేసే కార్ఖానా. ఒక సోమవారం వెళ్తే గేటుకి తాళం. ఉద్యోగంతో పాటు బీమా కూడా పోయింది. నాకు వెంటనే చెప్పిందా? చెప్పదు కదా మహాతల్లి. మాత్రలు రోజు విడిచి రోజు వేసుకుంటూ, తర్వాత వారానికి రెండు వేసుకుంటూ, నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంది. మెట్లు ఎక్కుతూ మధ్యలో ఆగి చెప్పు సర్దుకుంటున్నట్టు వంగుతుంటే అనుమానం వచ్చింది, ఒక మనిషికి రోజూ రెండో అంతస్తు దగ్గరే చెప్పు ఊడుతుందా? ఆ రోజు వంటింట్లో నా డబ్బా తెచ్చి దాని ముందు ధన్‌మని పెట్టాను.

రోజుకి రెండు మాత్రలు నాకు. పొద్దుటిది నాది, రాత్రిది నీది అన్నాను. వద్దే, నీ గుండె సగం తిని నేను బతకాలా అంది. నా సగం గుండె నీ పూర్తి గుండె కంటే గట్టిదే, నోరు మూసుకుని మింగు అన్నాను. మింగింది. ఆ తర్వాత ఏ రాత్రయినా నేను గద్దిస్తే, ఉండవే, ముందు నీ గుండె తిననీ, తర్వాత తిట్టు అనేది. వంటింట్లో పొయ్యి పక్క గూట్లో ఉండేది డబ్బా, దాని పక్కనే స్టీలు గ్లాసు, రాత్రి అది నీళ్ళు తాగే గుటక చప్పుడు నాకు పక్కగదిలోకి వినిపించేది, అది విన్నాకే నేను అటు తిరిగి పడుకునేదాన్ని. పోనుపోను నా డాక్టరమ్మకి నా గుండె అర్థం కాలేదు. మంచి మనిషి ఆవిడ, తెర మీద గీతల వైపు చూసి కనుబొమ్మలు ముడేసేది, మందు మీకు సరిగ్గా పట్టట్లేదండీ, మోతాదు పెంచుదాం అంది. రెట్టింపు బలమున్న మాత్రలు రాసింది. ఇంటికొచ్చి చెల్లికి చెప్తే మొదట దాని బుర్రకెక్కలేదు, ఎక్కాక నవ్వు మొదలుపెట్టింది, ఇప్పుడు ఒక్కో మాత్ర ఇదివరకటి రెండిటికి సమానం, అంటే ఇద్దరికీ నిండు మోతాదు! డాక్టరమ్మ మనిద్దరికీ చూసిందే అక్కా, ఒక్క ఫీజుకి ఇద్దరికీ చూసింది, అని నవ్వి నవ్వి దగ్గొచ్చి గోడ పట్టుకుంది. ఇద్దరం కోలుకున్నాం. మెట్ల మధ్యలో చెప్పు ఊడడం మానేసింది. ఆ రోజుల్లో మేం చాలా సంతోషంగా ఉన్నాం, ఇది కూడా లోపల చెప్పాలి, రెండు గుండెలు ఒక కార్డు మీద బాగుపడ్డాయని.

గదిలోంచి ఒకాయన బయటికొచ్చాడు. నాకంటే పెద్దవాడు, చేతికర్ర, టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. ఏమన్నారండీ అని అడిగాను, చెల్లి లేవకుండా, గొంతు తగ్గించి. ఏముందమ్మా, మర్చిపోయానన్నాను, జాగ్రత్త అని పంపేశారు, అని టకటకా వెళ్ళిపోయాడు. మనిషి ముఖంలో దిగులేం లేదు. అంత తేలిక. ఆయన ఇంట్లో ఎవరున్నారో. రాత్రి మాత్ర ఎవరి నోట్లోకి వెళ్తోందో. వెనక్కి పిలిచి అడగాలనిపించింది, ఒకప్పుడయితే అడిగేదాన్నే, కానీ చెల్లి తల నా భుజం మీద ఉంది, నోరు కొంచెం తెరుచుకుని, జుట్టు నాకంటే ముందే తెల్లబడింది దానికి, ఆ ఆవిరి వల్ల అని అది, కాదు మొండితనం వల్ల అని నేను. ఊపిరి లోపలికి వెళ్ళేటప్పుడు సన్నగా బుడగలు చిట్లినట్టు ఒక చప్పుడు. ఇదివరకు ఈ చప్పుడు లేదు. గురక అనుకుంటే గురక, నేను మాత్రం అనుకోను.

అసలు నా చీలమండ విరక్కపోతే ఇదంతా ఇక్కడిదాకా వచ్చేది కాదు. వానలో మెట్టు జారింది, ఆస్పత్రిలో చేర్చారు, కాలికి కట్టు. చేరేటప్పుడే నా డబ్బా వాళ్ళు తీసుకున్నారు, వార్డులో మందులు నర్సమ్మ చేతి మీదుగా ఇస్తారు, కార్డులో ఏం రాసి ఉంటే అది, పొద్దున్నొకటి రాత్రొకటి, మింగేదాకా మంచం పక్కనే నిలబడుతుంది. మొదటి రాత్రి మాత్రని దవడలో దాచాను, పొద్దున్న చెల్లి వస్తే ఇద్దామని. నర్సమ్మ నా కంటే ముదురు, నోరు తెరవండి, నాలుక ఎత్తండి అంది, చిన్నపిల్లకి అన్నట్టు. మింగక చచ్చానా. రెండోరాత్రీ అంతే. రెట్టింపు బలం మాత్రలు, అందులో సగానికి అలవాటుపడిన ఒళ్ళు, ఉన్నట్టుండి మొత్తం. నాలుగోరోజు పొద్దున్న మంచం మీంచి కాలు కింద పెట్టానో లేదో వార్డంతా తెల్లగా అయిపోయింది. పడిపోయాను. రక్తపోటు పాతాళానికి పోయిందట. డాక్టర్లంతా మూగారు, ఏడాదిగా ఇదే మోతాదు వాడుతున్న మనిషి, ఇప్పుడెందుకిలా అయింది, గుండెలో ఇంకేదైనా పాడయిందా, ఏదో గొట్టం వెయ్యాలని ఒకరు, వద్దని ఒకరు. నాకు మాటలు వినపడుతున్నాయి, నోరు పెగలడం లేదు. అప్పుడే వచ్చింది చెల్లి, ఇంటి నుంచి తెచ్చిన సంచీ గుమ్మంలోనే పడేసి, అంతమంది డాక్టర్లని తోసుకుంటూ లోపలికి వచ్చి గావుకేక పెట్టింది.

"అక్క రెండు వేసుకోదండీ! ఒకటే వేసుకుంటుంది! రెండోది నాదండీ, నేను మింగేస్తానండీ!"

దాని గొంతు అంత పెద్దదని నాకు అప్పుడే తెలిసింది. గొట్టం వెయ్యాలన్న డాక్టరు చేతిలోది కింద పెట్టాడు. ఆ కేకే నన్ను బతికించింది, రాత్రి మాత్ర ఆపి, కాళ్ళు ఎత్తి పెట్టి, సెలైను ఎక్కించి, సాయంత్రానికి కూర్చోబెట్టారు. కానీ కేక కేకే, వినిపించాక వెనక్కి తీసుకోలేం, ఆస్పత్రి వాళ్ళు రాయాల్సింది రాశారు, పంపాల్సిన చోటికి పంపారు. డాక్టరమ్మ నా మంచం అంచున కూర్చుని ఏమీ తిట్టలేదు, నాకు ఒక్క మాట చెప్పి ఉంటే బాగుండేది కదండీ అంది. చెప్తే మీరు రాసుకోవాలి కదమ్మా అన్నాను. అప్పట్నుంచీ చెల్లి నా డబ్బా ముట్టుకోవడం లేదు. ఎంత బతిమాలినా, ఎంత తిట్టినా. నిన్ను చంపేసేదాన్నే అక్కా, అంటుంది, ఇంకేం వినదు. బజారులో కొందామంటే ఆ ధర మా వల్ల కాదు, ఒక నెల కొన్నాం, రెండో నెల అదే మానేసింది. దానికి మందు లేక ఇది మూడో నెల.

ఇంకొక తిరకాసుంది, అదే నన్ను రాత్రులు నిద్రపోనివ్వనిది. వయసు చాలకపోయినా జబ్బు ముదిరినవాళ్ళకి ముందే కార్డు ఇస్తారు ఈ పథకంలో. మంచి ఏర్పాటే. కిందటేడు చెల్లి చేత అర్జీ పెట్టించాను. పిలిచి గుండె పరీక్ష చేశారు. మేమిద్దరం శుభ్రంగా తయారై వెళ్ళాం, అది ముందు రోజు రాత్రి కూడా బుద్ధిగా నా మాత్ర మింగి మరీ వచ్చింది! పరీక్ష చేసినతను భేష్, చక్కగా కొట్టుకుంటోంది అన్నాడు. చెల్లి మురిసిపోయింది, నేనూ మురిసిపోయాను, బస్సెక్కి సగం దూరం వచ్చాక ఇద్దరం ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నాం. అర్జీ తిప్పి పంపేశారు, గుండె పనితీరు సంతృప్తికరం, కార్డు అవసరం లేదు అని. సంతృప్తికరం కాక ఏమవుతుంది, రోజూ నా మాత్ర మింగుతుంటే! కాగితం మీద నా చెల్లి ఆరోగ్యవంతురాలు. మళ్ళీ అర్జీ పెట్టాలంటే, ఆ పాత పరీక్ష ఎందుకు తప్పో ముందు చూపించాలట. ఎందుకు తప్పో తెలిసినవాళ్ళం ఇద్దరమే. ఇప్పుడు నేను లోపలికి వెళ్ళి మర్చిపోయానని చెప్తే నా కార్డు నాకుంటుంది, నా చెల్లి కాగితం మీద ఆరోగ్యంగానే ఉంటుంది, ఆరోగ్యంగా ఉంటూనే పోతుంది. నిజం చెప్తే నా కార్డు పోవచ్చు. పోయి, దానికీ రాకపోతే? రెండు గుండెలూ ఒకేసారి ఆరుబయట. ఈ ఒక్క ఆలోచన దగ్గర మాత్రం హోల్డానూ లేదు, ఎవరూ లేరు, అమ్మ దిండు గలీబు ఒక్కటే కనిపిస్తుంది.

కానీ నేను చెకింగు వాళ్ళని చూశాను. జీవితమంతా చూశాను. బస్సాపి ఎక్కేవాళ్ళు, కోటు వేసుకుని, ముఖం గంటు పెట్టుకుని. కొత్తలో వాళ్ళంటే వణికేదాన్ని. తర్వాత తెలిసింది, వాళ్ళకి కనిపించేది టిక్కెట్టు ముక్క ఒకటే, ఆ ముక్క పట్టుకున్న మనిషి కథ కండక్టరు చెప్తేనే తెలుస్తుంది. సార్, ఈవిడ పొరపాటున ఎక్కింది, నేను చూశాను అంటే ఎంతమంది దిగిపోలేదు, ముఖం గంటు అలాగే ఉంచుకుని, జరిమానా వెయ్యకుండా. అందరూ కాదు, చాలామంది. మనిషికి మనిషి చెప్పాలి, అంతే. ఈ లోపలివాళ్ళు కూడా పొద్దున్న లేచి మందులకి డబ్బు సరిపోతుందా లేదా అని తలలు పట్టుకునేవాళ్ళే అయి ఉంటారు. నేను వాళ్ళకి లెక్క చెప్తాను. నాకు రాసిన పెద్ద మోతాదు నాకు అక్కర్లేదు, చిన్నది చాలు, అది ఇప్పుడు రుజువైంది. ఆ మిగిలినదే చెల్లికి సరిపోతుంది. ఇవ్వకపోతే అది రేపో ఎల్లుండో ఆస్పత్రిలో పడుతుంది, అప్పుడయ్యే ఖర్చుతో పదేళ్ళు మందివ్వొచ్చు, ఆ ఖర్చు కూడా పెట్టేది ప్రభుత్వమే. ఇది అర్థం కావడానికి పెద్ద చదువులేం అక్కర్లేదు, వాళ్ళకి అంతకంటే పెద్ద చదువులే ఉన్నాయి, తప్పకుండా అర్థమవుతుంది. అర్థం కాకపోతే అయ్యేదాకా చెప్తాను. నా గొంతు ఇంకా ఉంది.

తలుపు తెరుచుకుంది. నా కార్డు నంబరు చదివారు. చెల్లి ఉలిక్కిపడి లేచింది, కళ్ళు నులుముకుంది, వెంటనే నా చెయ్యి పట్టుకుంది.

"ఏం చెప్తావే?"

"నా ఇష్టం."

"అక్కా, ఒట్టు. నామీద ఒట్టు. మర్చిపోయానని చెప్పు. నేను కంగారులో ఏదో వాగానని చెప్పు."

"నువ్విక్కడే కూర్చో. లేచావంటే ఊరుకోను."

చెయ్యి విడిపించుకున్నాను. చల్లగా ఉంది దాని చెయ్యి. గది నేననుకున్నంత పెద్దది కాదు, పొడుగాటి బల్ల, కిటికీకి పచ్చ తెర, టీ కప్పుల మరకలు. నడుమ కూర్చున్నావిడ నాకంటే పదేళ్ళు చిన్నది, ముఖంలో అలసట. ఒక పక్క ఒకాయన ఏవో కాగితాలు తిరగేస్తున్నాడు, ఇంకో పక్క ఒకతను టైపు చేస్తున్నాడు. కూర్చోండమ్మా అంది ఆవిడ, కూర్చున్నాను. మందులు వేసుకోవడం మర్చిపోతుంటారా అని అడిగింది, మర్యాదగానే. టైపతను అప్పుడే కొట్టడం మొదలుపెట్టాడు, నేనింకా నోరు తెరవలేదు.

"ఆగు బాబూ," అన్నాను. "అది తీసెయ్. నేనేమీ మర్చిపోలేదు."

అతను ఆగాడు. చెప్పాను. పొద్దుటిది నాది, రాత్రిది దానిది. కార్ఖానా తాళం, మోతాదు పెంచడం, చీలమండ, దవడలో మాత్ర, చెల్లి పరీక్షకి ముందు రాత్రి మింగిన మాత్ర, అంతా వరసగా, ఎక్కడా తడబడకుండా. కాగితాలాయన తిరగెయ్యడం మానేశాడు. చెల్లి అర్జీ నంబరు కూడా చెప్పాను, ఆయన రాసుకున్నాడు. నడుమ ఆవిడ బల్ల మీదికి వంగింది.

"ఇది ఇలాగే రాసుకుంటే మీ కార్డు ఏమవుతుందో తెలుసా అమ్మా?"

"తెలుసు. ఇలాగే రాసుకోండి."

"ఇంకొకసారి ఆలోచించుకోండి. ఆస్పత్రి కాగితంలో ఉన్నది మీ చెల్లెలి మాటే, మీరు కాదంటే..."

అప్పుడు తలుపు తోసుకుని చెల్లి వచ్చింది. నడవాలో కుర్చీకీ ఈ బల్లకీ మధ్య ఎంత దూరం, ఇంట్లో వంటింటికీ గదికీ ఉన్నంత. అంత దూరం నడిచి వచ్చి బల్ల అంచు పట్టుకుంది. "అబద్ధమండీ," అంది. "అక్క... అక్క మర్చి..." మిగతా మాట రాలేదు. నోరు తెరిచి ఉంది, భుజాలు పైకి లేచి కిందికి పడుతున్నాయి, పెదాల రంగు మారింది, ఒక చెయ్యి గాలిలో అలా ఎత్తి పెట్టుకుంది, ఉండండి చెప్తాను అన్నట్టు. నాకు ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు.

నడుమ ఆవిడ లేచింది. తన కుర్చీనే బల్ల చుట్టూ లాక్కొచ్చి చెల్లి వెనక వేసి, భుజం పట్టుకుని కూర్చోబెట్టింది. వంగి పాదాల వైపు చూసింది. వేలితో కాలి మీద నొక్కింది, గుంట పడింది, పడిన గుంట అలాగే ఉండిపోయింది. కాగితాలాయన ఫోనెత్తి ఆస్పత్రికి బండి చెప్పాడు. "ఈవిడకి మందు ఆగి ఎన్నాళ్ళయింది?" అని ఆవిడ నన్నడిగింది. చెప్పాను. రాయండి, అంది టైపతనితో, ఈవిడ అర్జీ మళ్ళీ తెరవాలని కూడా రాయండి. అతను కొట్టాడు. చెల్లి మాత్రం కాస్త ఊపిరి అందగానే మళ్ళీ మొదలుపెట్టింది, అక్కకి మతిమరుపండీ, చిన్నప్పట్నుంచీ అంతేనండీ, నేను దాని మాత్ర ఒక్కటి కూడా ఎప్పుడూ ముట్టుకోలేదండీ, అని. ఆ మాటలు ఎవరూ రాసుకోలేదు.